ఎడమ కాలికి పని లేని కారు

నేను పూర్ణిమను మొదటిసారి చూసింది శిరివెళ్ళ దాటినాక, వానలో, ఆమె కూర్చున్న కారు వెనక బంపర్‌కి నా బైకు ముందు చక్రం ఆనించి.

ఆనించి అనడం మర్యాదకు. గుద్దాను.

తప్పు పూర్తిగా నాది కాదు. ఆళ్లగడ్డలో ఒక కస్టమర్ ఇంటికి పోయి నంద్యాలకు వస్తున్నాను. ముందు వెండిరంగు కారు ఒకటి పోతోంది. దాని బ్రేక్ లైట్లు ఎర్రగా వెలుగుతున్నాయి. రోడ్డు ఖాళీగా ఉన్నా వెలుగుతున్నాయి, కారు వేగం పెరుగుతున్నా వెలుగుతున్నాయి. మొదట్లో ఎరుపు కనపడినప్పుడల్లా నేనూ బ్రేకు వేశాను. కాసేపటికి విసుగొచ్చింది. లైట్ల స్విచ్ జామ్ అయ్యిందిలే అనుకుని, దాన్ని లెక్క చేయడం మానేశాను. సరిగ్గా అప్పుడే గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది, కారు నిజంగానే ఆగింది.

ఎడమ పక్క తలుపు తీసుకుని ఒకమ్మాయి దిగింది. గొడుగు తెరిచింది. గాలికి గొడుగు వెనక్కి తిరిగి గిన్నెలాగా అయిపోయింది. దాన్ని అట్లాగే పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కళ్ళు యాడ పెట్టుకొని పోతాండారు?"

"మీ బ్రేక్ లైట్ల మీదనే పెట్టుకొని పోతాండా. ఆళ్లగడ్డ కాడి నుంచి అవి ఆరలేదు."

"ఎర్ర లైటు వెలిగితే ఆగాలని తెలీదా?"

"అట్లయితే నేను ఆళ్లగడ్డలోనే ఆగిపోవల్ల గదండీ."

ఆమెకు నవ్వు వచ్చింది. కానీ అది కోపానికి కేటాయించిన సమయం కాబట్టి పెదవి కొరుక్కుని ఆపుకుంది. గొడుగులో చేరిన నీళ్ళన్నీ నా చొక్కా మీద పడ్డాయి. కావాలని వంచిందో, జారిందో ఇప్పటికీ చెప్పదు.

డ్రైవర్ సీటులోంచి ఒక పెద్దాయన తల బయట పెట్టాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెరిసిన మీసాలు. "దెబ్బ తగిలిందా అప్పా?" అని అడిగాడు. లేదన్నాను. మరి బండికి అన్నాడు. బంపర్ మీద వేలెడు గీత పడింది సార్ అని చెప్పాను.

"నేను చూడకముందే చెప్తాండావే," అని ఆయన నవ్వాడు. నా చొక్కా జేబు మీద మా సర్వీస్ సెంటర్ పేరు చదివాడు. "మీ కాడికే తెస్తామనుకుంటాండాం దీన్ని. ఇది పెట్రోలు తాగడంలా, పెట్రోల్లో ఈత కొడతాంది."

అది 2019. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాయన పేరు మారెన్న, మాది బండి ఆత్మకూరు దగ్గర పల్లె. కౌలుకు వరి వేస్తాడు. నేను మెకానికల్ చదివి నంద్యాలలో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో చేరాను. ఏ కారు వచ్చినా దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం నాకు అలవాటు. మా వర్క్‌షాపులో నన్ను అందుకే ఏడిపించేవాళ్ళు. పుస్తకం చదివి కారు తోలే మనిషిని వాళ్ళు నన్ను తప్ప చూడలేదంట.

ఆ పెద్దాయన పేరు రామయ్య. ఇల్లు ఆళ్లగడ్డలో, పొలం దొర్నిపాడు దగ్గర. కొన్నేళ్ళ కింద ట్రాక్టరు తిరగబడి ఆయన ఎడమ కాలు దాని కింద పడింది. లేచి నడిచాడు గానీ ఆ కాలికి పూర్వపు బలం రాలేదు. క్లచ్ తొక్కలేక జీపు అమ్మేశాడు. ఆ తర్వాత రెండు పంటలు ఆయన చూసింది పొలంలో కాదు, ఇంటి అరుగు మీద కూర్చుని, ఎవరో వచ్చి చెప్తే విని. ఎవరైనా బండి మీద ఎక్కించుకుని పోతే పోవాలి, వాళ్ళు రమ్మన్నప్పుడు రావాలి. అది భరించలేక హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గర ఈ ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దీనికి క్లచ్ లేదు. కుడి కాలు ఒకటి చాలు.

కానీ ఇంట్లో ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ మాట ఇచ్చేసింది. దసరాలోపు దీని తాగుడు తగ్గకపోతే కారును బ్రోకర్‌కి చూపిస్తానంది. ఆమె మాట ఇస్తే వెనక్కి తీసుకోదని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు.

"ఈ బండి పోతే నేను మళ్ళా అరుగెక్కల్ల," అన్నాడు రామయ్య గారు, మా వర్క్‌షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. నవ్వుతూనే అన్నాడు. పక్కన నిలబడిన పూర్ణిమ మాత్రం నవ్వలేదు. ఆమె నంద్యాలలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది. నా వైపు చూసి, ఏదో ఒకటి కనుక్కోండి అని మెల్లగా అంది. గొడుగు అప్పటికి బాగు చేయించినట్టుంది.

నేను కనుక్కోలేకపోయాను. బ్రేక్ లైట్ల స్విచ్ బాగానే ఉంది. తొక్కితే వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది. ఇంజన్‌లో లోపం లేదు, కంప్యూటర్ పెట్టి చూస్తే ఏ తప్పూ చూపించలేదు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మాత్రం బాగా అరిగిపోయి ఉన్నాయి. మార్చి, నేనే తోలి చూశాను. కారు బంగారం లాగా పోయింది.

ఆ కారులో గేర్ రాడ్ పక్కన ఎకో అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే కారు మన కాలు చెప్పిన మాట వెంటనే వినదు, ఒక్క క్షణం ఆలోచించుకుని వింటుంది. గేర్లు తొందరగా పైకి మార్చుకుంటుంది. ఏసీ జోరు కాస్త తగ్గిస్తుంది. మనం నిమ్మళంగా తొక్కినంతసేపు మీటర్ల మధ్యన ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. తొందరపడితే ఆరిపోతుంది. నేను తోలినప్పుడు ఆ దీపం ఆరలేదు. రామయ్య గారు తోలితే వెలగలేదు.

అదే కారు, అదే రోడ్డు.

"మా నాయన కారుకు నచ్చలేదేమో," అంది పూర్ణిమ.

ఆ మాట వదిలిపెట్టలేకపోయాను. నిద్రలో కూడా అదే దీపం. ఆదివారం సెలవు రోజున, ఎవరూ పిలవకుండానే ఆళ్లగడ్డ పోయి వాళ్ళ ఇంటి ముందు బైకు ఆపాను. కారు కోసమే వచ్చానని చెప్పాను. చాలావరకు అది నిజమే.

రామయ్య గారు సంతోషపడ్డాడు. "సార్ సార్ అంటాండావ్, ఏందప్పా ఇది ఆఫీసా. పెదనాయనా అను," అన్నాడు.

నేను నోరు తెరిచి, మూశాను. పెదనాయన అంటే ఆయన కూతురు నాకు చెల్లెలవుతుంది. ఆ క్షణంలో ఆ వరస నాకెందుకో గొంతు దిగలేదు. అలవాటైపోయింది సార్ అన్నాను. కాఫీ గ్లాసు అందిస్తున్న పూర్ణిమ నన్ను ఒకసారి చూసి, మళ్ళీ గ్లాసును చూసింది.

ఆ రోజు నుంచి మా ప్రయోగాలు మొదలయ్యాయి. పద్ధతి పూర్ణిమది. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు అని క్లాసులో చెప్పినట్టు చెప్పింది. మొదట ఏసీ ఆపి తోలాం. తర్వాత టైర్లలో గాలి చూసి తోలాం. ఆ తర్వాత ఎకో వేసి ఒకసారి, తీసి ఒకసారి. ఆమెకు తోలడం వచ్చు. ఆమె తోలినప్పుడు ఆకుపచ్చ దీపం శ్రద్ధగా వెలిగింది. లారీని దాటాల్సి వచ్చి గట్టిగా తొక్కితే ఆరిపోయింది. దాటి కాలు తగ్గించగానే మళ్ళీ వెలిగింది.

"ఎకోలో కారు మరీ బద్ధకంగా ఉండాది. మా కాలేజీలో కూడా ఇట్లాంటి లెక్చరర్లు ఉండారు. పిలిస్తే కాసేపటికి పలుకుతారు," అంది.

"ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎకో తీసేయండి. అప్పుడు పిలవగానే పలుకుతాది."

"లెక్చరర్లకి అట్లాంటి బటన్ ఉంటే బాగుండు."

రామయ్య గారికి జీపు నాటి అలవాటు ఒకటి ఉంది. దిగుడు కనపడితే చాలు, పెట్రోలు కలిసొస్తుందని గేర్ తీసి న్యూట్రల్‌లో పెట్టేవాడు. మా నాయన, మా ఊరి ట్రాక్టర్ల వాళ్ళు, ఆటోల వాళ్ళు అందరూ అదే చేస్తారు. ఈ కారుకు అది వద్దని చెప్పాను. గేర్‌లోనే ఉంచి కాలు తీసేస్తే దొర్లే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆరిపోకుండా ఉండడానికి పెట్రోలు కావాలి. పైగా బ్రేకు మీద భారం పడుతుంది. ఆయన నమ్మలేదు. పూర్ణిమ కూడా నమ్మలేదు. కాలువ వంతెన మీదికి పోయి రెండు రకాలుగా దిగి చూసింది. మీటర్‌లో అప్పటికప్పుడు మైలేజీ చూపించే గీత ఒకటి ఉంటుంది. గేర్‌లో కాలు తీసి దిగినప్పుడు ఆ గీత ఆ చివరి దాకా నిండిపోయింది.

"మళ్ళా దిగుదాం," అంది. మళ్ళీ దిగాం. అట్లా పొద్దు వాలేదాకా ఆ వంతెన ఎక్కుతూ దిగుతూ ఉన్నాం. కాలువ గట్టు మీద గడ్డి కోస్తున్న ఆడవాళ్ళు మాకేదో పోయిందనుకుని, ఏం వెతుకుతాండారని అడిగారు. అప్పుడు పూర్ణిమ ముఖం కారు దీపం కంటే వెలుగుతోంది. నేను మీటర్ చూడాలి, ముఖం చూస్తున్నాను.

ఇన్ని చేసినా రామయ్య గారు తోలినప్పుడు మాత్రం దీపం వెలగదు. నేను పక్కన కూర్చుని చూశాను. ఆయన తొందర మనిషి కాదు. కుడి కాలు మెల్లగానే తొక్కుతున్నట్టు ఇంజన్ శబ్దం చెప్తోంది. కానీ కారు బరువుగా, ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు పోతోంది.

ఒకరోజు ఆయన పూర్ణిమను కాలేజీకి దించడానికి బయల్దేరితే నేను బైకు మీద వెనక పోయాను. మళ్ళీ అదే దృశ్యం. ఖాళీ రోడ్డు, ఎర్ర లైట్లు. లోపల కూర్చున్న మనిషికి తన బ్రేక్ లైట్లు కనపడవు. వెనక వచ్చేవాడికే కనపడతాయి. ఈ చిన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. లైట్ల స్విచ్‌ను అనుమానించాను గానీ, బ్రేకును నిజంగానే ఎవరో తొక్కుతున్నారేమోనని అనుకోలేదు.

ఎర్రగుంట్ల దగ్గర టీ కొట్టు ముందు వాళ్ళను ఆపాను. పూర్ణిమను దించి కారు వెనక నిలబెట్టాను. రామయ్య గారిని ఇంజన్ ఆన్‌లోనే ఉంచమన్నాను, గేర్ పార్కింగ్‌లో పెట్టమన్నాను.

"బ్రేకు వదిలేయండి సార్."

"నేను తొక్కడంలా అప్పా."

"వెలుగుతాండాయి," అంది పూర్ణిమ వెనక నుంచి.

"తొక్కడంలా అంటాండా గదా."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. తలుపు తీశాను. పెద్ద అంచు పంచె మోకాళ్ళ నుంచి పెడల్స్ దాకా పరదాలాగా కప్పి ఉంది. పక్క సీటులో కూర్చున్నవాడికి ఏమీ కనపడదు. అనుమతి అడిగి పంచె అంచు పైకి తీశాను.

ఆయన ఎడమ పాదం బ్రేక్ పెడల్ అంచు మీద ఉంది. తొక్కడం కాదు, ఊరికే ఆనుకుని ఉంది. ముప్పై ఏళ్ళు క్లచ్ మీద ఉండిన కాలు అది. క్లచ్ లేకపోతే పక్కనున్న దాని మీదికి పోయి కూర్చుంది.

రామయ్య గారు వంగి ఆ పాదాన్ని చూశాడు. వేరే ఎవరిదో అయినట్టు చూశాడు. తర్వాత చేత్తో పట్టుకుని పక్కకు తీసి పెట్టాడు. వెనక లైట్లు ఆరాయి.

కొట్టువాడు తెచ్చిన టీ చల్లారింది. ఆయన మెల్లగా చెప్పాడు. ట్రాక్టరు కింద పడినప్పటి నుంచి చీలమండ కింద ఆయనకు స్పర్శ లేదు. నడుస్తాడు, నిలబడతాడు, కానీ ఆ పాదం నేల మీద ఉందో రాయి మీద ఉందో చూస్తే తప్ప తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉమామహేశ్వరమ్మ కారు తాళం చేతిలో పెట్టనివ్వదు.

పూర్ణిమ నన్ను పక్కకు పిలిచింది. పెట్రోలు సంగతి తెలిసిపోయింది కదా, అమ్మకు కాలి సంగతి చెప్పొద్దు అంది. ఈ కారు పోతే నాయన మనిషి కాడు అంది. అంతవరకు ఆమె నన్ను మీరు అనేది. అప్పుడే మొదటిసారి నువ్వు అంది.

"నువ్వు చెప్పకుండా ఉంటే చాలు. అబద్ధం చెప్పమనడంలా."

"నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం లేదని చెప్పలేను పూర్ణిమా. రోడ్డు మీద ఆయనొక్కడే ఉండడు."

"మా అమ్మ అడగదులే."

అడిగింది. ఆ సాయంత్రమే, కారు నేనే తోలుకుని వాళ్ళ ఇంట్లో పెట్టడానికి పోతే, వాకిట్లో వడ్ల మీద బరకం కప్పుతూ అడిగింది. "నాయనా, నువ్వు చదువుకున్నోడివి. తిప్పకుండా చెప్పు. ఏముండాది బండిలో?"

బండిలో ఏమీ లేదమ్మా అన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. పూర్ణిమ గుమ్మంలో నిలబడి నా కళ్ళలోకి చూస్తోంది. ఆగమని బతిమాలుతున్న చూపు. 

"సార్ ఎడమ పాదానికి స్పర్శ లేదమ్మా. అది బ్రేకు మీద ఉంటాంది, ఆయనకు తెలీడంలా," అని చెప్పేశాను.

ఉమామహేశ్వరమ్మ బరకం మీద రాయి పెట్టింది.  కాఫీ తాగిపో అంది. గుమ్మంలో పూర్ణిమ లేదు. కాఫీ వాళ్ళమ్మే తెచ్చింది.

మరుసటి రోజే కారు తాళం బీరువాలోకి పోయింది. బ్రోకర్‌కి కబురు పోయిందని మా వర్క్‌షాపుకి కూడా తెలిసింది. పూర్ణిమ ఫోను ఎత్తలేదు. కాలేజీ ముందు నుంచి పోతే బస్సు ఎక్కుతూ కనపడింది. నేను కనపడనట్టు కిటికీ పక్కకు తల తిప్పుకుంది. నేను చేసింది తప్పని నాకు అనిపించలేదు. అనిపించి ఉంటే పోయి క్షమించమని అడిగేవాణ్ణి, తేలికైపోయేది.

అడగడానికి లేదు కాబట్టి ఆలోచించాను. ఈ కారులో ఎడమ కాలికి పని లేదు. పని లేనివాడికి కూర్చోవడానికి చోటు చూపిస్తే వేరేవాళ్ళ పనిలోకి రాడు. వర్క్‌షాపులో ఓనర్‌ని అడిగి, ఇనుప రేకుతో పాదం పట్టేంత మెట్టు ఒకటి కొట్టాను. బ్రేకు వైపు దానికి ఎత్తు అంచు పెట్టి, రబ్బరు అతికించాను. పాదం ఒకసారి అందులో పెడితే తనంతట తాను అంచు దాటి రాదు. అది కారుకు బిగించాలి. కారు తాళమేమో బీరువాలో ఉంది.

దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం, జోరు వానలో పూర్ణిమ వచ్చింది. గొడుగు లేదు. షెడ్డు చూరు కింద నిలబడి చున్నీ పిండుకుంటూ, నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"మా అమ్మకు ముందే తెలుసంట."

"ఏందీ?"

"నాయన కాలి సంగతి. వాకిట్లో నడుస్తాంటే ఎడమ చెప్పు ఊడిపోయి వెనక పడిపోయిందంట. నాయన చూసుకోకుండా ఉత్త కాలితో, ఎండలో, గేటు దాకా పోయినాడంట. అప్పటినుంచి తెలుసు. ఈ ఇంట్లో ఎవరన్నా నాతో నిజం చెప్తారేమోనని చూస్తాండా, బయటోడు వచ్చి చెప్పల్సి వచ్చింది అనింది. నాయనా నేనూ తల ఎత్తలేదు."

వాన రేకుల మీద దరువేస్తోంది. అంచున్న మెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఎందుకో చెప్పాను. ఆమె వేలితో రబ్బరు తడిమింది, అంచు ఎత్తు కొలిచింది. దీన్ని ఎప్పుడు చేసినావు అని అడిగింది. నువ్వు బస్సు కిటికీలో తల తిప్పుకున్న రోజు అని చెప్పాను.



"ఆ రోజు మా నాయన్ని పెదనాయనా అని ఎందుకనలా నువ్వు?"

"అంటే నువ్వు చెల్లెలవుతావు."

"అయితే ఏం?"

"నాకు కుదరదు."

ఆమె మెట్టును బల్ల మీద పెట్టింది. వాన తగ్గలేదు గానీ ఆమె బయల్దేరింది. చూరు దాటి, తడుస్తూ వెనక్కి తిరిగి, అమ్మ ఆదివారం రమ్మనింది, ఈ ఇనుప మెట్టు తెచ్చుకో అని నవ్వుతూ చెప్పి పోయింది. ఏ ఆడపిల్లయినా అట్లా తడుస్తూ నవ్వితే మగవాడికి ఆ వారం పని సాగదు. నాకూ సాగలేదు.

ఆ ఆదివారం ఉమామహేశ్వరమ్మ పెట్టిన షరతులు గట్టివి. మొదటిది, కర్నూలులో డాక్టరు చూడాలి. డాక్టరు రెండు కాళ్ళూ పరీక్ష చేసి, కుడి కాలు కుర్రవాడిలాగా ఉంది, ఎడమ దాన్ని పెడల్స్ జోలికి రానీయకపోతే ఆటోమేటిక్ తోలొచ్చు అని రాసిచ్చాడు. రెండోది, నేను చేసిన మెట్టు బిగించాలి. బిగించాను. మూడో షరతు దగ్గర మాత్రం కథ ఆగిపోయేలాగా ఉండింది. కారులో పంచె పనికి రాదు, కాళ్ళు నాకు కనపడాలి, ప్యాంటు వేసుకోవాలి అంది.

రామయ్య గారు బుద్ధెరిగినప్పటి నుంచి పంచె తప్ప కట్టని మనిషి. ఎంత చెప్పినా వినలేదు. ప్యాంటు వేసుకుని ఆళ్లగడ్డ బజారులో తిరిగేకన్నా అరుగు మీద కూర్చోవడం మేలన్నాడు. అయితే కూర్చో అంది ఆమె. రెండు రోజులు కూర్చున్నాడు. మూడోరోజు తనే టైలర్ని ఇంటికి పిలిపించుకున్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున బూడిదరంగు ప్యాంటుతో తలుపు వెనక నిలబడి, బయట ఎవరన్నా ఉండారా అని అడిగాడు.

"ఉంటే చూడనీ. నీకు కాళ్ళు రెండుండాయని తెలుస్తాది," అంది ఉమామహేశ్వరమ్మ.

ఆమె ముందు సీటులో కూర్చుంది, కళ్ళు కింద పెడల్స్ మీద. నేనూ పూర్ణిమా వెనక. ఈ ప్రయాణం సరిగా జరగకపోతే సాయంత్రం బ్రోకర్ వస్తాడని ముందే చెప్పింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయి, తిరిగి వచ్చి, దొర్నిపాడు పొలం దాకా. అంత దూరం ఆ కాలు మెట్టులోంచి బయటికి రాకూడదు.

రామయ్య గారు ఎకో నొక్కి బయల్దేరాడు. మెడ మీద చెమట పట్టింది. శిరివెళ్ళ దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆయన చేతిలో అది వెలగడం అదే మొదటిసారి.  పూర్ణిమ నా చొక్కా మోచెయ్యి దగ్గర పట్టుకుంది, వదలలేదు.

కాసేపటికి ఉమామహేశ్వరమ్మ చూపు పెడల్స్ మీద నుంచి దీపం మీదికి పోయింది. అదేంది, ఎప్పుడు వెలుగుతాది, ఎందుకు ఆరుతాది అని నన్ను అడిగింది. చెప్పాను. అంతే, ఇంక రామయ్య గారికి మనశ్శాంతి లేదు. దీపం ఆరితే చాలు, నిమ్మళంగా తొక్కు, ఏం కొంప మునిగిందని అనేది. బస్సును దాటుతున్నప్పుడు ఆరితే ఆయనే ఇప్పుడు తప్పదు అన్నాడు. సరే దాటు, దాటి వెలిగించు అంది. వంతెన దిగుడులో పాత అలవాటుగా ఆయన చెయ్యి న్యూట్రల్ కోసం గేర్ రాడ్ మీదికి పోయింది. ఆమె ఆ చెయ్యి మీద ఒకటి వేసింది.

నంద్యాలలో తిరుగుతున్నప్పుడు కూడా ఎడమ పాదం కదలలేదు. ఒకచోట ఆటో అడ్డం వచ్చి రామయ్య గారు గట్టిగా బ్రేకు వేశాడు, కుడి కాలితోనే. మేమందరం ముందుకు తూగాం. ఆమె మొదట కిందికి చూసింది. పాదం మెట్టులోనే, అంచుకు ఇవతలే ఉంది. ఉమామహేశ్వరమ్మ వెనక్కి వాలి కూర్చుంది. బ్రోకర్‌ని రావొద్దని చెప్పు అని కూతురికి చెప్పింది, మామూలుగా, ఉప్పు తెమ్మన్నట్టు. రామయ్య గారు కారు తోలుతూనే ఉన్నాడు. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకోవడం నాకు అద్దంలో కనపడింది.

దొర్నిపాడు దాటి పొలాల దారిలోకి తిరిగాక ఆయన కారు ఆపి దిగాడు. వరి మడి గట్టు మీద ఒక్కడే, ఎవరూ తోలుకురాకుండా వచ్చినవాడి లాగా నిలబడ్డాడు. మేము కారు దగ్గరే ఉన్నాం. ఉమామహేశ్వరమ్మ ఖాళీగా ఉన్న డ్రైవర్ సీటును కాసేపు చూసింది.

"దీనికి ఒక కాలు చాలు అంటాండారు గదా," అంది. "నాకు రెండు బాగుండాయి. నేను తోలలేనా?"

రామయ్య గారు తిరిగి వచ్చేసరికి ఆమె స్టీరింగ్ ముందు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కూర్చుని ఉంది. ఆ దారిలో మా కారు తప్ప మరో బండి లేదు. ఆయన పక్క సీటులో కూర్చుని, నేను ఆయనకు చెప్పినవన్నీ తనే కనుక్కున్నట్టు ఆమెకు చెప్పాడు. బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు తనంతట తాను మెల్లగా కదిలింది. ఎడ్ల బండి కంటే కాస్త తొందరగా పోతోంది, అంతే. ఆకుపచ్చ దీపం ఒక్కసారి కూడా ఆరలేదు.

ఉమామహేశ్వరమ్మ రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, తల తిప్పకుండా అంది.

"ఎనక సీట్లో మీ ఇద్దరికీ ఏందో మాట్లాడుకునేది ఉండాది గదా. మాట్లాడుకోండి. నేను ముందుకు చూస్తాండా."

రామయ్య గారు కిటికీ బయట వరి మళ్ళను అతి శ్రద్ధగా చూడసాగాడు.  వాళ్ళకు పొలం ఉంది, మాకు కౌలు ఉంది. ఇవన్నీ ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేను సీటు కుట్లు లెక్కపెడుతుంటే, పూర్ణిమ నా వైపు తిరిగింది.

"మీ నాయన్ని మా ఇంటికి ఎప్పుడు తోలుకొస్తావ్?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం," అన్నాను. 

"ఆదివారం వద్దు," అంది ఉమామహేశ్వరమ్మ ముందుకే చూస్తూ. "బేస్తవారం బాగుండాది. మీ అమ్మను కూడా రమ్మను."